జొన్నగిరి రాయి ముఖం తెచ్చుకున్న రోజు

ఇది రాయకూడదనే అనుకున్నాను. బద్ధకం ఒకటి, "బంగారు గనులకి వెళ్ళొచ్చావట, ఎంత తెచ్చావ్?" అని అడిగేవాళ్ళకి జవాబు చెప్పలేని విసుగు ఒకటి. ఇంటికొచ్చి ప్యాంటు మడతల్లోంచి నల్లదుమ్ము దులుపుకుని ఊరుకున్నాను. ఈలోగా తెలిసినవాళ్ళు ముగ్గురు దారి అడిగారు. ఫోన్లో ముగ్గురికీ మూడు రకాలుగా చెప్పానని తర్వాత తేలింది. అంతకంటే ఒక్కసారి కూర్చుని రాసి పడేస్తే నయం.

నేను ఫిల్మ్‌నగర్ కింద సినిమా సెట్లకి సామాను అద్దెకిచ్చే కొట్టు నడిపి మానేసినవాణ్ణి. సింహాసనాలు, బల్లేలు, హీరో కొడితే విరగడానికి ముందే కోసిపెట్టిన కుర్చీలు. చదువు ఏడో తరగతి. మిగతాదంతా ఆదివారాలు అబిడ్స్ పేవ్‌మెంటు మీద కొన్న పుస్తకాలు. వాటిలో రాళ్ళ గురించినవి ఎక్కువ. రాళ్ళ మీద నాకేదో ప్రేమ అనుకోకండి, వాటినెవరూ కొనరు కాబట్టి చవగ్గా వచ్చేవి. చదవగా చదవగా ప్రేమ కూడా వచ్చింది, పెళ్ళయ్యాక వచ్చినట్టు.

కొట్టు పెట్టిన కొత్తల్లో ఫిల్మ్‌నగర్ వాలు మీద ఏనుగంత బండ ఒకటుండేది. దాని మీద రబ్బరు పాలు పూతలుగా పూసి, ఆరాక ఒలిచి, అచ్చు తీసుకున్నాను. అచ్చు అంటే రాయి చర్మం అనుకోండి. అందులో ప్లాస్టరో ఫైబరో పోస్తే బండ ముఖం ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు పుడుతుంది. ముప్పై ఏళ్ళుగా తెరమీద మీరు చూసిన గుహల్లో సగం ఆ బండే. రాక్షసుడి గుహ, దొంగల డెన్, ఋషి ఆశ్రమం, ఒకసారి కైలాసం కూడా. రంగు మారేది, అంతే. అసలు బండని ఎవరో సెల్లారు పార్కింగు కోసం పేల్చేశారు. అచ్చు మాత్రం చేతులు మారుతూ బతికింది.

ఆ అచ్చే సలోమి మెడకి చుట్టుకుంది. బాపట్ల వైపు పిల్ల, యూసుఫ్‌గూడలో ఉంటుంది. పిల్ల అంటున్నాను గానీ నలభై దగ్గర పడింది. పద్దెనిమిదేళ్ళు ఒకరి కింద అచ్చులు పోసి, రంగులేసి, మొదటిసారి సొంతంగా ఆర్ట్ డైరెక్టర్‌గా ఒక సినిమా సంపాదించుకుంది. కథ బంగారు గనిలో జరుగుతుంది, హీరో తాత బతుకంతా అందులోనే తవ్వుతాడు. సెట్టు వేసింది. దర్శకుడు వచ్చి చూసి, "ఇది నా మొదటి సినిమాలో దొంగల డెన్ కదమ్మా" అన్నాడట. గురువారం మళ్ళీ వస్తాను, గని గనిలా కనపడాలి, గోడలో బంగారం తళతళలాడాలి, లేదంటే చెన్నై నుంచి వేరే మనిషిని పిలిపిస్తానని చెప్పి వెళ్ళాడు. ఆ మాట వీధిలో పొక్కితే ఆమెకి ఇంకొకరు సెట్టు ఇవ్వరు. ఇక్కడ వార్త కారు కంటే ముందు సినిమా పనివాళ్ళుండే కృష్ణానగర్ చేరుతుంది.

శనివారం ఉదయం మా ఇంటికొచ్చి ఇదంతా చెప్పింది. విని, తప్పు నీది కాదమ్మా, నాది అన్నాను. మన జూబ్లీహిల్స్ అంతా గ్రానైటు. భూమి లోతుల్లో నెమ్మదిగా చల్లారిన రాయి, పైకొచ్చాక మూలలు రాలిపోయి గుండ్రంగా అవుతుంది. అందులో బంగారం కోసం ఎవరూ తవ్వరు. బంగారం పండేది పాత లావా నలిగి, మడతలు పడి, పలకలు పలకలుగా మారిన నల్లరాతి నేలల్లో. కోలారైనా, హట్టీ అయినా, మన రామగిరి అయినా, జొన్నగిరి అయినా అంతే. గనిలో పనిచేసినవాడు మన సెట్టు చూస్తే నవ్వుతాడు అన్నాను.

"ముప్పై ఏళ్ళ తర్వాత చెప్తున్నావా బాబాయ్?" అంది.

"ముప్పై ఏళ్ళలో ఎవరూ అడగలేదే."

జొన్నగిరి వెళ్ళి అసలు రాతి అచ్చే తెద్దామనుకున్నాం. మర్నాడు ఆదివారం. తెల్లవారుజామున నాలుగున్నరకి ఫిల్మ్‌నగర్ నుంచి బయల్దేరాం. కారు యాదగిరిది. సినిమా కంపెనీలకి తిప్పీ తిప్పీ ఏ హీరో ఏ టిఫినుకి ఎక్కడ ఆగుతాడో కంఠతా వచ్చిన మనిషి. సలోమి వెనక సీట్లో రబ్బరు పాల డబ్బాలు, గాజుగుడ్డ, ప్లాస్టరు బస్తా మధ్య ఇరుక్కుని కూర్చుంది. ఆదివారం ఆరాధన తప్పే మనిషి కాదు. కారు కదిలే ముందు కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది. యాదగిరి అప్పటిదాకా తాళం తిప్పలేదు. ఆమెన్ అన్నాక, "ఇగ పోదామా అక్కా?" అన్నాడు.

షాద్‌నగర్, జడ్చర్ల, కృష్ణా నది. దారి పొడుగునా మన గ్రానైటు గుట్టలే వస్తాయి, చుట్టాలు సాగనంపడానికి వచ్చినట్టు. ఎనిమిదిన్నరకి కర్నూలు. అక్కడ ఆగి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినకుండా ముందుకు పోవడం నా దృష్టిలో నేరం. బండి దగ్గరావిడ మూడు పొట్లాలు కట్టిస్తూ, ఎక్కడికని అడిగింది. జొన్నగిరి అనగానే మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, వజ్రాలకా, తొలకరికి రావాల్సింది, ఇప్పుడొచ్చారేంటి అని జాలిపడింది. నిజమే, ఆ చుట్టుపక్కల తొలివానలకి నేల కడుక్కుపోయి వజ్రం దొరుకుతుందని ఎక్కడెక్కడి జనమో వచ్చి వంగి నడుస్తుంటారు. మేం రాయి ముఖం కోసం వెళ్తున్నామంటే ఆవిడ ఇంకో బజ్జీ ఎక్కువేసింది. జాలి పెరిగిందేమో.

కర్నూలు దాటాక ఇళ్ళ కప్పులు, పొలం గట్లు అన్నీ నాపరాళ్ళే. డోన్ దగ్గర హైవే వదిలి, దారి అడుక్కుంటూ తుగ్గలి మీదుగా జొన్నగిరి చేరేసరికి పదకొండు. మొత్తం దారిలో కారు కిరాయి, డీజిలు, టోలు, తిండి అన్నీ కలిపి రానూపోనూ ఎనిమిది వేల లోపే. ఓపికున్నవాళ్ళు కర్నూలుకి బస్సులో వచ్చి, అక్కడి నుంచి పత్తికొండ బస్సు పట్టుకోవచ్చు. జొన్నగిరికి దగ్గర్లోనే ఎర్రగుడిలో అశోకుడు బండల మీద చెక్కించిన మాటలున్నాయి. అంత దూరం వచ్చి ఆయన బండల మీద ఎందుకు రాయించాడా అని నేను చాలాసార్లు ఆలోచించాను. కొందరు పెద్దలు జొన్నగిరే ఆనాటి సువర్ణగిరి అంటారు, కొందరు కాదంటారు. ఆ తగువులో నాకు ఓటు లేదు.

ఊరి బయట వేరుశనగ చేల పక్కన పాత గుంతలు కనపడ్డాయి. యంత్రాలు రాని కాలంలో ఎవరో రాతిని మంటపెట్టి కాల్చి, పగలగొట్టి దిగిన గుంతలు. ఒక గుంత అంచున నల్లరాయి పలకలు నిలువుగా నిలబడ్డాయి, పుస్తకాల బీరువాలా. వాటి మధ్య జానెడు వెడల్పున పలుగురాయి చార కిందికి దిగింది. సలోమి వెళ్ళి పలకల మీద అరచెయ్యి పెట్టింది.

అప్పుడే చేలోంచి ఒకాయన వచ్చాడు. అరవై దాటినవాడు, పేరు మద్దిలేటి, చేను ఆయనదే.

"ఏం సామీ, వజ్రాల సేట్లా?"

కాదని సంగతంతా చెప్పాం. ఆయన నమ్మలేదు. రాయి ముక్క ఒక్కటి కూడా కదలనీయనన్నాడు. రాయి వద్దు, ముఖం చాలన్నాను.

"మొకమే కావల్లంటే ఫోటో తీస్కపోతే సరిపోతాది గదా. దీనికి కారు, డబ్బాలు, ఇంత మందీ యాలా?"

సలోమి చిన్న పలక మీద రబ్బరు పూసి, ఎండలో ఆరాక ఒలిచి ఆయన చేతికిచ్చింది. వేలితో తడిమి చూశాడు. రాయి మీది గీత గీతా అందులో ఉంది. సరే కానియ్యండి అని గట్టు మీద కూర్చుని, సాయంత్రం దాకా ఇంటికి పోలేదు.

పని చెప్పుకోవడానికి సులువు. సబ్బునీళ్ళు రాయాలి, రబ్బరు పాలు పూయాలి, ఆరాలి, గాజుగుడ్డ పరవాలి, మళ్ళీ పూయాలి. అయిదు పూతలు. మూడో పూత పచ్చిగా ఉండగా రెండింటికి పడమట మబ్బు లేచింది. పచ్చి రబ్బరు మీద వాన పడితే విరిగిన పాలే. మళ్ళీ మొదలుపెట్టడానికి డబ్బాలూ లేవు, రోజూ లేదు. సలోమి చీపురుపుల్లల్లాంటి చేతులతో చున్నీ విప్పి రాతికి అడ్డం పట్టింది. యాదగిరి కారు సీటు కవర్లు లాగేస్తున్నాడు. మద్దిలేటి చేలో ఉన్న షెడ్డులోకి పోయి, శనక్కాయలు ఆరబోసుకునే పట్టా తెచ్చి, నాలుగు మూలలూ రాళ్ళకి కట్టేశాడు. వాన పావుగంట పడింది. పట్టా కింద మేం నలుగురం ఆ గోడని కాపలా కాశాం.

వాన వెలిశాక యాదగిరి గుంత అంచున వంగి కేకేశాడు. "సార్, జర గీడ చూడు, బంగారం." తడిసిన రాతిలో పసుప్పచ్చ గింజలు మెరుస్తున్నాయి. నా సంచీలో ఎప్పుడూ ఉండే గరుకు పింగాణీ ముక్కని ఒక గింజ మీద రుద్దాను. బంగారమైతే ముక్క మీద పసుప్పచ్చ గీత పడుతుంది. నల్లగీత పడింది. ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం. యాదగిరి నిట్టూర్చి, గిదే మా బావకు చూపిస్తే ప్లాటు రాసిస్తడు అన్నాడు.

అసలు పాఠం చెప్పింది మద్దిలేటి. ఆయన తాత ఈ గుంతల్లోంచి రాతిపొడి తెచ్చి వాగులో కడిగేవాడట. తెల్లగా ముద్దొచ్చే పలుగురాయిని తాకేవాడు కాదట.

"పొగ పట్టినట్టు, తుప్పు కారినట్టు మాసిపోయుంటాది సూడమ్మా, ఆ పలుగుని కొట్టేటోడు. ఉన్నా కంటికి ఆనదు. ఎద్దులబండెడు రాయి నూరితే గోరంత."

నా పుస్తకాలు చెప్పేదీ అదే. భూమి పగుళ్ళలోంచి వేడినీళ్ళు పైకొస్తూ కాస్త బంగారాన్ని మోసుకొచ్చి, పలుగుతో పాటు వదిలేసి పోతాయి. ఇనుము తుప్పు పట్టి చారని మురికి చేస్తుంది. అయితే నాకు అది పేజీలో తెలుసు, ఆయనకి వేలి కొసలో. సలోమి అట్టముక్క మీద రంగులు కలుపుతూ ఆ తుప్పు చార పక్కన పెట్టి చూసుకుంటూ పోయింది. నీలిబూడిద, పొగరంగు, ఇటుకపొడి. బంగారు రంగు సీసా మూత తియ్యలేదు. దర్శకుడు తళతళ అడిగాడు కదమ్మా అని గుర్తుచేస్తే, తెలుసు బాబాయ్ అంది.

అయిదింటికి అచ్చు ఒలిచాం. ఎక్కడా చిరగలేదు. చాపలా చుట్టి కారు పైన కట్టాం. మద్దిలేటి డబ్బు తీసుకోలేదు. సినిమా వస్తే చెప్పమని, గోడ ఎప్పుడొస్తాదో ముందే చెబితే అప్పుడు కళ్ళు తెరుస్తానని అన్నాడు.

తిరుగుదారిలో నాకొకటి తోచింది. మన కొండా, ఆ చేనూ ఒకే పాత నేల బిడ్డలు. జొన్నగిరి నల్లరాయి ముందు పుట్టింది, గ్రానైటు తర్వాత కిందనుంచి దాన్ని తోసుకుంటూ వచ్చింది. రెండింటి వయసూ రెండువందల యాభై కోట్ల ఏళ్ళకి అటూ ఇటూ. అంత వయసున్న రాయి దగ్గర నా ముప్పై ఏళ్ళ పొరపాటు ఎంత? దిద్దుకోవడానికి ఒక ఆదివారం పట్టింది. డెబ్బై ఒకటో ఏట తప్పు దిద్దుకునే అవకాశం రావడం మామూలు సంగతి కాదు. అది వచ్చినందుకు సంతోషంగా ఉంది, ఇంకెన్ని దిద్దుకోవాలో లెక్కేసుకుంటే కొంచెం భయంగానూ ఉంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒకే మాట. ఏ గుంతలోకీ, ఏ చేలోకీ అడగకుండా కాలు పెట్టకండి. ముందు మనిషిని వెతుక్కోండి, రాయి తర్వాత కనపడుతుంది.

మూడు రోజుల్లో సలోమి ఆ అచ్చుతో గోడ పోసి, రంగులేసి సెట్టులో నిలబెట్టింది. గురువారం పదింటికి దర్శకుడు వచ్చాడు. నేను ఓ మూల స్టూలు మీద కూర్చున్నాను. ఆయన గోడ చివరిదాకా నడిచి వెనక్కొచ్చి, బంగారం ఏదమ్మా అని అడిగాడు. సలోమి, "కనపడదు సార్. కనపడితే మీ హీరో తాత బతుకంతా ఎందుకు తవ్వుతాడు?" అంది. ఆయన గోడ మీద నీళ్ళు కొట్టించమన్నాడు. కొట్టారు. పలకలు నల్లబడి, మాసిన చార ఒక్కటీ పైకి తేలింది. ఆయన కెమెరామన్ని పిలిచి, ఎడమవైపు లైటు కాస్త కిందికి దించమని చెప్పి, టీ తెప్పించుకున్నాడు.