ఒంటి తుమ్ము

మందు డబ్బా మూత తీస్తే నాకు ముక్కు దురద పెడుతుంది. తుమ్ము మాత్రం రాదు. ఎనిమిదో ఏట నుంచీ అంతే.

నేను చెప్పేది తుపాకీ మందు సంగతి. ఐర్లండ్ వచ్చి పన్నెండేళ్ళయింది. లీక్స్‌లిప్‌లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే చోట ఇంజినీర్ని. లూకన్‌లో ఇల్లు, ఒక మొగుడు, ఒక కూతురు. ఇక్కడి మా తెలుగు ఆడవాళ్ళు శనివారం ఒకరింట్లో చేరి బిర్యానీ వండుకుంటే, నేను గంటన్నర కారు నడుపుకుని వెళ్ళి, మూడొందల గజాల అవతల నిలబెట్టిన కాగితాన్ని రైఫిల్‌తో కొడతాను. "కొరివితో తల గోక్కోవడమంటే ఇదే" అంటాడు మా ఆయన. అననీ. తలా నాదే, కొరివీ నాదే.

కాల్చడం కంటే నాకు తూటాలు నింపుకోవడం ఇష్టం. కాల్చేసిన ఇత్తడి గుల్లల్ని శుభ్రం చేసి, మళ్ళీ మందు పోసి, ముందు భాగంలో సీసం గుండు బిగించుకోవడం. ఇక్కడ ఆ పని ఇంట్లో చేస్తే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఊరుకోరు. అనుమతి ఉన్న గదిలోనే చెయ్యాలి. మా గది బురద నేల అంచున, కిటికీల్లేని సిమెంటు కొట్టు. దాని తాళాలు పెద్దాయన దగ్గరుంటాయి. ఆయన ఒకప్పుడు గొర్రెలు పెంచిన రైతు, డెబ్బై దాటాయి, నాకు ఈ విద్య నేర్పిన గురువు. ఏడాదిగా ఆయన చేతులు వణుకుతున్నాయి. అందుకని ఆయన తూటాలు కూడా నేనే నింపుతున్నాను. "నా మొహం నీ చేతుల్లో ఉంది అమ్మాయ్" అని నవ్వేవాడు.

మందు ఎంచుకోవడంలోనే ఉంది కిటుకంతా. ఒక్కో మందు ఒక్కో వేగంతో మండుతుంది. చిన్న తూటాకి చురుగ్గా మండేది, పెద్ద తూటాకి నిదానంగా మండేది. తారుమారైతే గుండు ముందుకి పోయే బదులు తుపాకీయే పగిలి వెనక్కి, మొహం మీదకి వస్తుంది. చూడబోతే అన్నీ ఒకటే. నల్ల నువ్వుల్లా ఉంటాయి. అరచేతిలో పోసుకున్నప్పుడల్లా నాకు తర్పణాలు గుర్తొచ్చేవి, గభాలున దులిపేసుకునేదాన్ని. పెద్దాయన చట్టం ఒక్కటే: బల్ల మీద ఎప్పుడూ ఒకే డబ్బా. రెండోది తీయాలంటే మొదటిది ఇనప బీరువాలోకి పోవాలి.

ఆ గది నాకు ఎప్పుడూ భయమే. బురద నేల చప్పుడుని మింగేస్తుంది. తలుపు మూశామంటే గాలి లేదు, పిట్ట లేదు. ఇంకెవరో మూల కూర్చుని ఊపిరి బిగబట్టినట్టు ఉండేది. ఒకటి రెండుసార్లు బల్ల కిందకి వంగి చూశాను కూడా. ఏముంటుంది, నా బొంద.

మా నాన్న దీపావళికి మతాబులు, చిచ్చుబుడ్లు ఇంట్లోనే కట్టేవాడు. మా గోదావరి వైపు అప్పట్లో చాలా ఇళ్ళలో కట్టేవారు. సూరేకారం, గంధకం, బొగ్గు డాబా మీద ఎండబెట్టి, చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, "ఇది కుదిరింది" అనేవాడు. తూకం గీకం లేదు, వేళ్ళే ఆయనకి త్రాసు. నేను పక్కనే గొంతుక్కూర్చునేదాన్ని. "తుమ్మావంటే తంతాను, మందంతా ఎగిరిపోద్ది" అని కళ్ళెర్రజేసేవాడు.

కానీ మా ఇంట్లో తుమ్ముకున్న విలువ ఇంతా అంతా కాదు. రెండు తుమ్ములైతే ఫరవాలేదు. ఒంటి తుమ్మయితే చేసే పని ఆగాల్సిందే. కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదలెట్టాలి. నాన్న ఎంత కోపిష్టి అయినా ఒంటి తుమ్ముని దాటి గడప దిగేవాడు కాదు. చిన్నపిల్లలు తుమ్మితే నానమ్మ ఎక్కడున్నా "చిరంజీవ" అని కేకేసేది.

నా ఎనిమిదో ఏట పండగ ముందు రోజు నాన్న చిచ్చుబుడ్డిలో మందు కూరడానికి కర్ర ఎత్తాడు. నాకు తుమ్ము వచ్చింది. తంతాడని భయమేసి రెండు వేళ్ళతో ముక్కు నొక్కుకున్నాను. తుమ్ముని మింగేశాను. చెవుల్లో గుయ్‌మంది. నాన్న కర్ర దించాడు.

ఆ తర్వాత ఆయనకి కుడిచేతికి రెండు వేళ్ళు, ఒక కన్ను మిగిలాయి. ఆసుపత్రిలో కట్ల మధ్య నుంచి ఒక మాట అన్నాడు, సరదాకే అన్నాడు: "ఇంట్లో ఇంతమంది ఉన్నారు, ఆ వేళ ఒక్కళ్ళయినా తుమ్మలేదేంటే!" అందరూ ఏడుస్తూనే నవ్వారు. నేను నవ్వలేదు. ఆయన పోయి ఆరేళ్ళయింది. పోయేదాకా చెప్పలేదు. మా ఆయనకి కూడా చెప్పలేదు. సిగ్గు.

ఈ తుమ్ము చట్టం మాత్రం పెద్దాయనకి చెప్పాను, వెనక కథ లేకుండా. ఒకసారి నేను గురి చూస్తుండగా ఆయన తుమ్మాడు. నేను రైఫిల్ కింద పెట్టి సీసాలో నీళ్ళు తాగాను. కారణం చెబితే పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. తర్వాత అదొక ఆటయిపోయింది. ఎవరు తుమ్మినా "మంచినీళ్ళు!" అని ఆయనే అరిచేవాడు.

పోయిన శీతాకాలం ఒక శనివారం. నా చిన్న రైఫిల్ కోసం చురుకు మందుతో తూటాలు నింపుకున్నాను. బల్లకి ఒక గొట్టం బిగించి ఉంటుంది. పైన మందు పోసి పిడి తిప్పితే కొలత ప్రకారం కింద పడుతుంది. నా పని అయ్యాక చురుకు మందు డబ్బా బీరువాలో పెట్టి, పెద్దాయన కోసం నిదానం మందు డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. అంతలో ఫోన్ మోగింది. లోపల మాట సరిగా వినపడదు. బయటికెళ్ళి మా అమ్మాయితో పది నిమిషాలు దెబ్బలాడాను. తిరిగొచ్చి చూస్తే బల్ల మీద నిదానం మందు డబ్బా, గొట్టంలో నల్లగా మందు. పోశాననే అనుకున్నాను. అయినా ఒక్క క్షణం అనుమానం వచ్చింది. చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి, వాసన చూశాను. అచ్చం మా నాన్నలాగే. ముక్కు దురద పెట్టింది.

"ఏ మందు అది?" అన్నాడు పెద్దాయన.

డబ్బా మీద పేరు చదివి వినిపించాను. "గ్రాండ్" అన్నాడు, ఇక్కడివాళ్ళు బాగుందనడానికి, సరేననడానికి అదే మాట. ఆయన పెద్ద రైఫిల్‌కి పది తూటాలు నింపి, గొట్టంలో మిగిలింది డబ్బాలో పోసేసి, ఇంటికొచ్చేశాను.

ఆదివారం పొద్దున టీ తాగుతూ నోట్‌బుక్ తెరిచాను. ఫ్యాక్టరీ అలవాటు, డబ్బా తీసేటప్పుడు, పెట్టేటప్పుడు బరువు రాస్తాను. నిదానం మందు డబ్బా తీసినప్పటికన్నా పెట్టినప్పుడు ఎక్కువ బరువుంది. పది తూటాలకి మందు తీశాక డబ్బా తేలికవ్వాలి గదా. బరువు పెరిగింది. రెండూ నా చేతిరాతే. నేనే రాసి, నేనే చూడలేదు.

డబ్బాలోంచి నేనేమీ తియ్యలేదు. గొట్టంలో ఉన్నది, చివర మిగిలిందని ఈ డబ్బాలో పోసింది చురుకు మందే. పది తూటాలూ చురుకు మందువే.

పెద్దాయన తొమ్మిదింటికి ఒక్కడే వెళ్ళి గురి సరిచూసుకుంటానన్నాడు, మధ్యాహ్నం పోటీ ఉంది. గోడ మీద గడియారం ఎనిమిది దాటింది. ఫోన్ చేశాను. మోగింది, మోగింది. ఆయన ఫోన్ జీపులో పడేస్తాడని నాకు తెలుసు.

చెప్పులేసుకుంటుంటే మా ఆయన మెట్ల మీంచి, "పొద్దున్నే ఎక్కడికే?" అన్నాడు.

"బయల్దేరేటప్పుడు ఎక్కడికని అడుగుతావా! గార్డులకి ఫోన్ చెయ్. పెద్దాయన్ని కాల్చొద్దని చెప్పమను. ఆ తూటాలు నేను తప్పు నింపాను!" అని అరిచాను. కూర్చుని నీళ్ళు తాగి వెళ్ళాలి నిజానికి. తాగలేదు.

"మామ్, ఆర్ యూ గ్రాండ్?" అని మా అమ్మాయి తలుపు దాకా వచ్చింది. కారు తీశాను.

మోటర్‌వే దిగాక పొగమంచు. రోడ్డుకి రెండు వైపులా నల్ల నేల, నిలువ నీళ్ళు, మనిషి జాడ లేదు. మా ఆయన ఫోన్: "గార్డులు బయల్దేరారంట. వాళ్ళు నీకన్నా దూరంలో ఉన్నారు." కారు అద్దాలు దించి నడిపాను, ఎక్కడైనా ఆ చప్పుడు వినిపిస్తుందేమోనని. వినిపించకూడదని దేవుళ్ళందరికీ మొక్కాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఏ చప్పుడూ లేదు. లేకపోవడం ఇంకా భయంగా ఉంది. అప్పటికే అయిపోయిందేమో ఎవడికి తెలుసు?

గేటు తీసుంది. జీపు ఉంది. దారి పొడుగునా ఫోన్ చేస్తూనే ఉన్నాను; దాని సీటు మీద ఫోన్ ఇంకా వెలిగి ఆరుతోంది, నా పేరుతో. కాల్చే గట్టు మీద చాప పరిచి ఉంది, చాప మీద రైఫిల్. మనిషి లేడు. పక్కన తూటాల పెట్టె. పది గుంటలు. తొమ్మిదే ఉన్నాయి.

అరిచానో లేదో కూడా గుర్తులేదు.

"ఇక్కడున్నానమ్మాయ్!" అని కొట్టు వెనకనుంచి వినపడింది. పెద్దాయన మెట్టు మీద కూర్చున్నాడు, చేతిలో మగ్గు. మొహం ఉంది. రెండు కళ్ళూ ఉన్నాయి. ఆయన పక్కనే చతికిలబడ్డాను.

"పదోది ఏదీ?"

చొక్కా జేబు తట్టాడు. "రైఫిల్లో పెట్టి, ట్రిగ్గర్ మీద వేలు కూడా పెట్టాను. తీసేశాను." ఆ తర్వాత నా వెనక్కి చూశాడు. "మీ పాప ఎక్కడ?"

"తను రాలేదు. ఇంట్లో ఉంది."

"మరి ఇంకెవరిని తెచ్చావు? నువ్వు చాలాసేపటి క్రితమే వచ్చావనుకున్నాను."

"నేనిప్పుడే వచ్చాను. ఒక్కదాన్నే."

అప్పుడు నేను చెప్పేశాను. గొట్టం, ఫోను, బరువు, అన్నీ. నన్ను తిట్టమన్నాను. తిట్టలేదు. జేబులోంచి ఆ తూటా తీసి ఇద్దరి మధ్యా మెట్టు మీద నిలబెట్టాడు.

"నా వెనక ఎవరో తుమ్మారు" అన్నాడు. "ఒక్కటే. తిరిగి చూస్తే ఎవరూ లేరు. కొట్టులో బల్ల కింద కూడా వెతికాను. సరే, నీ చట్టం కదా అని తూటా తీసేసి, మంచినీళ్ళకని ఇటొచ్చాను."

"మీరే తుమ్మారేమో."

"నాకు తెలీదా! చిన్నపిల్ల తుమ్ము అది. తుమ్ము కూడా సరిగ్గా కాదు. ముక్కు గట్టిగా నొక్కుకుని ఆపుకోబోతే, ఆగక బయటపడిందే, అలాంటిది."

నా చెవుల్లో గుయ్‌మంది.

ముక్కు నొక్కుకున్న సంగతి ఆయనకి నేనెప్పుడూ చెప్పలేదు. ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు. ఆ మెట్టు మీద కూర్చుని మొదటిసారి చెప్పాను, డాబా, నాన్న కర్ర, నా రెండు వేళ్ళు, ఆసుపత్రిలో నాన్న అన్న మాట. ఏడుపు తన్నుకొచ్చింది, ఏడ్చాను. ఆయన మగ్గు నా చేతికిచ్చాడు. నీళ్ళు తాగాను.

మంచులో గట్టు సగమే కనిపిస్తోంది. చాప మీద రైఫిల్ అలాగే ఉంది. దాని వెనక ఖాళీ. ఆ ఖాళీ వైపు తిరిగి, ఆ వేళ డాబా మీద ఎవరూ అనని మాట అన్నాను.

"చిరంజీవ."

"అదేంటి?" అన్నాడు పెద్దాయన.

"తుమ్మిన పిల్లలకి మేం చెప్పేది."

ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గార్డుల కారు వచ్చేదాకా ఇద్దరం అటే చూస్తూ కూర్చున్నాం.