గిద్దెడు కడుపు

మా పెద్దబిడ్డ పోయిన కబురు దాని మరిది తెచ్చాడు. నకిరేకల్ దాకా బస్సులో వచ్చి, అక్కడ ఎవరి సైకిలో అడిగి తీసుకుని మా ఊరు చేరాడు. నేను వాకిట్లో పెసళ్లు ఆరబోస్తున్నాను. అతను సైకిల్ గోడకు ఆనించి నిలబడ్డాడు. నేను అలవాటు కొద్దీ అడిగాను.

"బిడ్డ తిన్నదా అయ్యా?"

పదకొండేళ్ల నుంచి బిడ్డ అత్తగారి ఊరి మనిషి ఎవరు కనిపించినా నా నోట ముందు వచ్చేది ఆ మాటే. బాగున్నారా అని తర్వాత అడిగేదాన్ని. అంగట్లో ఆ ఊరి గాజులాయన ఎదురుపడినా అదే అడిగేదాన్ని. పాపం, ఆయనకేం తెలుసు. అయినా తిన్నదనే చెప్పేవాడు.

మరిది తల దించుకున్నాడు. "నిన్న రెండుసార్లు తిన్నది అత్తమ్మా" అన్నాడు.

ఆరుసార్లు తినవలసిన బిడ్డ రెండుసార్లు తిన్నదంటే ఇంక నాకు ఎవరూ ఏమీ చెప్పనక్కర లేకపోయింది. పెసళ్ల మీదే కూలబడ్డాను.

పచ్చకామెర్లతో పోయింది. ఈ మాట గట్టిగా చెప్పాలి. ఎందుకంటే అంత చిన్న కడుపుతో అన్నాళ్లు బతకడమే ఎక్కువ అని చుట్టాల్లో కొందరు గొణిగారు. ఆ కడుపు మీద మాట పడనివ్వను. అది దాని పని చివరిదాకా చేసింది. అందుకే నాకు వచ్చిన నాలుగు అక్షరాలతో ఇది రాస్తున్నాను. ఆ అక్షరాలు కూడా ఆ కడుపు పుణ్యమే, అది తర్వాత చెబుతాను.

ఇద్దరు పిల్లలు పుట్టాక దానికి కడుపునొప్పి మొదలైంది. తిన్నది తిన్నట్టే బయటికి వచ్చేది. పసర్లు తాగించాం. యాదగిరిగుట్టకు తీసుకుపోయి నలభై రోజులు ఉంచాం. అక్కడ కొంచెం తేరుకుంది గానీ ఇంటికి రాగానే మళ్లీ మొదటికి వచ్చింది. చివరికి పట్నం పెద్ద దవాఖానలో చూపిస్తే, కడుపులో పుండు పడి బువ్వ దిగే దారి మూసుకుపోయిందన్నారు. కడుపులో మూడింట రెండు వంతులు కోసి తీసేసి, మిగిలిన వంతును పేగుకు కుట్టాలన్నారు.

కోసింది మళ్లీ పెరుగుతదా సారూ అని డాక్టర్‌ను అడిగాను. ఆయన మంచివాడు, నవ్వలేదు. "పెరగదమ్మా. మూడు అర్రల ఇల్లు ఒక్క అర్ర అయిందనుకో. సామాను జర జర తెచ్చి పెట్టుకోవాలె, అంతే" అన్నాడు.

బిడ్డ బతికింది. ఇంటికి పంపే రోజు డాక్టర్ నన్ను కూర్చోబెట్టి ఐదు మాటలు చెప్పాడు. అల్లుడికి చదువు వచ్చు గానీ అప్పుడు మందుల కోసం వరుసలో నిలబడి ఉన్నాడు. నాకు రాయడం రాదు. అందుకని ఒక్కో మాటకు కొంగుకు ఒక్కో ముడి వేసుకున్నాను. కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు తినాలి. నోట్లో పిండి అయ్యేదాకా నమలాలి. బువ్వతో నీళ్లు తాగొద్దు, తిన్న అర్ధగంటకు తాగాలి. తిన్నాక పావుగంట పక్క మీద వాలాలి. ఐదో మాటకు ఐదో ముడి. డాక్టర్ నా కొంగు చూసి, నర్సమ్మ రాసిన కాగితం కంటే ఇదే నయమన్నాడు.

బస్సులో అల్లుడు బిడ్డను భుజానికి ఆనించుకుని కూర్చున్నాడు. కండక్టర్ వస్తే టికెట్లు నేనే తీశాను. నా పైసలు కూడా కొంగు ముడిలోనే ఉన్నాయి. బస్సు కుదుపులో పైసల ముడి ఏదో, డాక్టర్ ముడి ఏదో తెలియక రెండూ విప్పేశాను. ఊరు చేరాక చూసుకుంటే నాలుగు ముళ్లే ఉన్నాయి. నాలుగింటికి నాలుగు మాటలు దొరికాయి. ఐదోది ఎంత తలకొట్టుకున్నా గుర్తు రాలేదు. ఏదో చిన్న మాటే అయి ఉంటుందిలే అనుకున్నాను.

అది బెల్లం తినొద్దన్న మాట.

మా వియ్యపురాలిది పెద్ద గొంతు. ఆమె మామూలుగా మాట్లాడినా కొట్లాడుతున్నదనుకుని పక్కింటివాళ్లు వచ్చేవారు. కోడలు బతికి వచ్చిందని ఆమె కొత్త బెల్లంతో పరమాన్నం వండి పెట్టుకుంది. బిడ్డ అత్త మాట కాదనలేక ఒక గిన్నెడు తిన్నది. పావుగంట కాలేదు, దానికి చెమటలు కారిపోయాయి. గుండె కొట్టుకోవడం రవికె మీద నుంచే కనిపిస్తోంది. కళ్లు తేలేసి అరుగు మీద పడిపోయింది.

వాడకట్టంతా వచ్చింది. పట్నంలో ఏదో గాలి సోకిందన్నారు. వేపమండలు కట్టే ఆయనను పిలిచారు. ఆయన నిమ్మకాయ తిప్పి, మండతో నేల మీద కొట్టి, ఎవరు నువ్వు, ఏ ఊరు నుంచి వచ్చినవు అని గద్దించాడు. బిడ్డ కళ్లు మూసుకునే జవాబు చెప్పింది.

"నేను ఈ ఇంటి కోడలినే తాతా. మీరందరు జర పక్కకు జరుగుండ్రి, ఊపిరి ఆడుతలేదు."

ఆ చెమటలు చూస్తుంటే నాకు ఐదో మాట అప్పుడు తట్టింది. తీపి తింటే చెమటలు పోస్తాయి, దడ వస్తుంది, పడుకుంటే తగ్గుతుంది, భయపడొద్దు, కానీ తినొద్దు అని డాక్టర్ చెప్పాడు. అందరి ముందూ ఒప్పుకున్నాను. ముడి విప్పిన సంగతి కూడా దాచలేదు. వియ్యపురాలు నన్ను కిందికీ పైకీ చూసింది.

"అయితే వదినె, డాక్టర్ మాటను కండక్టర్ చేతుల పెట్టి వచ్చినవన్నట్టు."

ఈ మాట ఆమె ఆ తర్వాత ప్రతి పెళ్లిలోనూ చెప్పింది. మిగిలిన పరమాన్నం ఆ వేపమండల ఆయన ఇంటికి తీసుకుపోయాడు. ఆయనకు చెమటలు పట్టలేదని తర్వాత తెలిసింది.

బెల్లం ఒక్క రోజుతో తీరిపోయింది. అసలు కష్టం మొదటి ముడితో వచ్చింది. మా దిక్కు కోడలు ఎప్పుడు తింటుందో అందరికీ తెలిసిందే. మామ తిని, మగవాళ్లు తిని, పిల్లలు తిని, అత్త తిన్నాక, గిన్నెలో ఏముంటే అది. అట్లాంటి ఇంట్లో కోడలు తెల్లవారగానే అందరికంటే ముందు తినాలి, మళ్లీ కొంతసేపటికి తినాలి, తిన్న వెంటనే పడుకోవాలి. వియ్యపురాలు ఈ మాట విని చాట కింద పెట్టేసింది. డాక్టర్ చెప్పింది కోడలికా, మహారాణికా అని అడిగింది. ఆమె అంతకంటే ఏమీ అనలేదు. ఆ ఒక్క మాట చాలు నా బిడ్డకు.

నెలన్నర తర్వాత చూడబోతే బిడ్డ ఎముకలు తేలి ఉంది. పొద్దున గడ్డివాము వెనుక దాక్కుని, ఎవరైనా చూస్తారేమోనని గబగబా రెండు ముద్దలు మింగి, నీళ్లు తాగి వస్తోంది. మిగతా పూటలు అసలు లేవు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పట్నంలో కోసి బతికించింది ఇక్కడ సిగ్గుతో చంపడానికా అన్నాను. బట్టలు సర్దు, మా ఇంటికి పోదాం అన్నాను.

అది మెల్లగా చెప్పింది. "ఏం చేయనమ్మా, నా కడుపు గిద్దెడే. సిగ్గు మాత్రం కుంచెడున్నది."

వియ్యపురాలు తలుపు అవతలే ఉంది. ఆమె గొంతు పెద్దదే గానీ చెవులు అంతకంటే పెద్దవి. అర్రలోకి పోయి, గింజలు కొలిచే ఇత్తడి గిద్దె తీసుకొచ్చింది. అరచేతిలో ఇమిడిపోయేంత కొలత అది. దాంట్లో మెత్తటి బువ్వ, పెసరపప్పు కలిపి నింపి, బిడ్డ ముందు బోర్లించింది. తినమన్నది. బిడ్డ నమిలి నమిలి తిన్నది, ఇంక పట్టదన్నది. వియ్యపురాలు అట్లాంటివి ఆరని వేళ్లు ముడిచి లెక్క చూసుకుంది.

"గింతేనా? ఆరుసార్లు కలిపినా నేను పొద్దున తాగే జొన్న గటకంత లేదు. దీనికేనా నువ్వు గడ్డివాము వెనుక దాక్కున్నవు? గడ్డివాముకైనా చెప్పకపోయినవు, అదన్న నాకు చెప్పేది."

బిడ్డ చాలా రోజుల తర్వాత నవ్వింది. నేను సర్దిన బట్టలు మళ్లీ దండెం మీద వేశాను.

ఆ రోజు నుంచి గిద్దె గింజల్లోకి పోలేదు. బిడ్డ తిండి గడియారం వియ్యపురాలే అయింది. పొద్దు గోడ మీదికి వస్తే ఒకసారి, నీడ గడపకు చేరితే ఒకసారి, పశువులు ఇంటికి మళ్లితే ఒకసారి, ఆమె గొంతు వాడకట్టంతా వినిపించేది. ఓ పిల్లా, నీ గిద్దె యాళ్లయింది అని. ఆ గొంతు విని పక్క వాడవాళ్లు పొయ్యి ముట్టించుకునేవారట.

ఒకసారి బిడ్డ మామ వాళ్ల అన్న చుట్టంచూపుగా వచ్చాడు. పట్టింపు మనిషి. మగవాళ్లు పీటల మీద కూర్చున్నారు, బువ్వ ఇంకా ఉడుకుతోంది. అప్పుడే వియ్యపురాలు ముందే తీసిపెట్టిన గిద్దెడు బువ్వతో కోడలిని మూలకు కూర్చోబెట్టింది. నేను కూడా అక్కడే ఉన్నాను. ఆయన మీసం దువ్వుకుంటూ, మగవాళ్ల ఇస్తారి పడకముందే ఆడది తినుడు ఈ ఇంట్ల ఎప్పటి నుంచి అన్నాడు.

వియ్యపురాలు గంటె తిప్పుతూనే జవాబిచ్చింది. "బావా, నీ కడుపు నీ మాట వింటది. జర ఆగుమంటే ఆగుతది. దాని కడుపు డాక్టర్ మాట తప్ప ఎవరి మాట వినది. ఏం, వండేదాక ఆగలేవా, నీకు గూడ కోసిండ్రా?"

ఆయన ఆగాడు. మీసం దువ్వడం కూడా ఆగింది.

రెండో ముడి బిడ్డకు పెద్దరికం తెచ్చింది. నోట్లో ముద్ద ఉన్నప్పుడు ఎవరు ఏమి అడిగినా అది పూర్తిగా నమిలి మింగేదాకా పలికేది కాదు. అడిగినవాళ్లు ఎదురుచూస్తూ కూర్చునేవారు. ఇంతసేపు ఆలోచించి చెప్తుందంటే తెలివైనదే అని పేరు పడింది. వాడకట్టు ఆడవాళ్లు తగవులు దాని దగ్గరికి తెచ్చేవారు. అది నమిలేలోపు సగం తగవులు చల్లారేవి. మిగిలిన సగానికి, ముందు ఏమన్న తిని రాండ్రి అనేది. తిన్నవాళ్లు తిరిగి రాలేదు. నేను ఒకసారి మరదలితో కొట్లాడి దాని దగ్గర ఏడిస్తే, నాకూ అదే చెప్పింది. కోపం వచ్చినప్పుడు తిండి మింగుతం అమ్మా, తినం అన్నది. నాకు ఇప్పటికీ కోపం వస్తే నమలడం గుర్తొస్తుంది.

నాలుగో ముడి నాకు అక్షరాలు ఇచ్చింది. తిన్నాక పావుగంట వాలాలి కదా. పనిచేసే చేతులు ఊరికే ఉండలేక, బడికి పోయే కొడుకు పలక తీసుకుని పక్కకు తిరిగి పడుకుని అ ఆ దిద్దేది. రోజుకు ఆరు పావుగంటలు. అట్లా రెండేళ్లలో దానికి ఉత్తరం రాయడం వచ్చింది. నేను పోయినప్పుడల్లా నన్నూ పక్కన పడుకోబెట్టి నేర్పేది. అందుకే నాకు ఇప్పటికీ కూర్చుని రాస్తే గీతలు వంకర పోతాయి, పడుకుని రాస్తే తిన్నగా వస్తాయి. ఇది కూడా చాప మీద పక్కకు తిరిగి పడుకునే రాస్తున్నాను.

బిడ్డ పోయిన పదకొండో రోజు పిట్టకు పెట్టారు, కాకి వచ్చి ముడితేనే పోయినవాళ్లు తిన్నట్టు. వాళ్ల చెలక గట్టు మీద, మోదుగాకుల ఇస్తారి వేసి, బువ్వ కుప్ప పోసి, పప్పు, కోడికూర, గారెలు, బెల్లం పోలెలు, పరమాన్నం, పక్కన చెంబెడు నీళ్లు పెట్టారు. మనిషి ఇష్టంగా తిన్నవన్నీ పెట్టాలంటారు కదా. తుమ్మచెట్టు మీద రెండు కాకులు కూర్చుని చూస్తున్నాయి, దిగడం లేదు. ఎంతసేపు చూసినా దిగలేదు. బిడ్డకు ఏదో కోరిక మిగిలిందని అందరూ అనుకున్నారు. అల్లుడు చేతులు జోడించి, పిల్లలను మంచిగ చదివిస్త అన్నాడు. దిగలేదు. మరిది ఇక బీడీ ముట్టనన్నాడు. దిగలేదు. నేను ఇంక ఏడవను బిడ్డా అన్నాను. అది అబద్ధమని కాకులకు కూడా తెలిసినట్టుంది.

వియ్యపురాలికి ఆ పదకొండు రోజులూ గొంతు లేదు. ఒక పక్కన ముసుగేసుకుని కూర్చున్న మనిషి లేచి వచ్చి ఇస్తారి చూసింది.

"ఎవరు పెట్టిండ్రు గింత? ఇది నా కోడలికా, నాట్ల కూలోళ్లకా?"

పోలెలు తీసేసింది. పరమాన్నం తీసేసింది. బువ్వ కుప్ప ఎత్తి పక్క ఆకులో వేసింది. ఒడిలో నుంచి ఇత్తడి గిద్దె తీసింది. తెచ్చుకున్నదని మాలో ఎవరికీ తెలియదు. బువ్వ, పప్పు కలిపి చేత్తో మెత్తగా మెదిపి, గిద్దె నింపి, ఇస్తారి నడుమ బోర్లించింది. బువ్వతో నీళ్లు వద్దని చెంబు అవతలికి పెట్టింది.

"ఇగ తింటది" అని కూర్చుంది.

ఒక కాకి దిగింది. చుట్టూ చూసి, రెండు మెతుకులు ముక్కున పట్టుకుని, పక్కనున్న రాతిగుండు మీదికి పోయి వాలింది.

మగవాళ్లు తానాలకు పోదామని లేవబోయారు. వియ్యపురాలు చెయ్యి అడ్డం పెట్టింది.

"కూసోండ్రి. పావుగంట వాలనియ్యిండ్రి."

కాకి కాకే అని నాకూ తెలుసు. అయినా అంతమందిమి ఎండలో కూర్చున్నాం. మామ అన్న కూడా కూర్చున్నాడు. కాకి గుండు మీద ముక్కు రాసుకుంది, రెక్కలు సర్దుకుంది, కాసేపు కళ్లు మూసింది. తర్వాత మెల్లగా దిగి, రెండోసారి ఇస్తారి దగ్గరికి వచ్చింది.

వియ్యపురాలు చెంబును ఇంకొంచెం దూరం జరిపింది.