గుడ్ ఫ్రైడే నాటి సంతకం

ఈ యాడాది నాకు సంతకమున్న కాగితమంటేనే రోత పుట్టింది. నా పేరు దామోదర్. నాచారంల మా కంపెనీ స్టోర్సుల పద్దెనిమిదేండ్లసంది పని జేస్తున్న. హెలికాప్టర్లకు బిగించే సామాను గేటు దాటంగనే నా దగ్గరికొస్తది, నా దగ్గర్నుంచి తనిఖీ జేసే హన్నా టేబుల్ మీదికి పోతది. హన్నా సూసి పచ్చ స్టిక్కర్ అంటిస్తేనే లోపలికి. ఎర్రది అంటిస్తే జాలీ గదిల పెట్టి తాళమేసుడే.

హన్నాది జనగామ దిక్కు పల్లె. డిప్లొమా అయినంక ఉప్పల్ల అక్క రోజీ ఇంట్ల ఉండుకుంట పని నేర్సుకుంది, మొన్నటిదాంక ఆడనే ఉన్నది. నేర్పింది గూడ బావనే, రోజీ మొగడు జోసఫ్. బోల్టులను మిషన్ల పెట్టి తెగేదాంక గుంజి సూసే ల్యాబు ఒకటుంది మల్లాపూర్ల, ఆడ సర్టిఫికెట్ల మీద సంతకం ఆయనదే. "మిషన్ ముల్లు ఏం జెప్తే అదే రాయి, నీకు నచ్చింది రాయకు" అని నేర్పిండు. ఈ పిల్ల గా మాట పట్టుకొని కూసుంది. ఒకనాడు డబ్బా మీద ఒక నెంబరు, లోపల ఇంకో నెంబరు ఉన్నయని డ్రైవర్‌ను రెండు గంటలు ఎండల నిలబెట్టింది. "ఏందమ్మా నీ సాదింపు" అని నేనే తిట్టిన.

మొన్న ఏప్రిల్ల ఐదు వందల బోల్టులు వచ్చినయ్. రెక్కలను తిప్పే కడ్డీలకు బిగించేటివి. కొలతలన్నీ సక్కగున్నయ్. సర్టిఫికెట్ సదువుకుంట హన్నా ఆగిపోయింది.

"దామోదరన్నా, ఏప్రిల్ మూడు ఏ వారం?"

"శుక్రవారం. గుడ్ ఫ్రైడే గద, సెలవుండె."

కాగితం నా ముంగట పెట్టింది. ఆ నాడు మధ్యాహ్నం ఒకటిన్నరకు ఆరు బోల్టులు గుంజి సూసిన్రట, అన్నీ పాసట. కింద జోసఫ్ సంతకం.

"ఒకటిన్నరకు మా బావ చర్చిల నా ముంగటి వరుసల ఉన్నడన్నా. పన్నెండు నుంచి మూడు దాంక లేవలే. గుడ్ ఫ్రైడే నాడు ఆయన ఒక్క యాడాది గూడ పనికి పోలే."

"తేదీ తప్పు పడ్డదేమో తీయమ్మా" అన్న. నాకు లొల్లి వద్దనే ఉండె, అబద్ధమెందుకు.

ఆమె బావకు ఫోన్ జేసింది. ఆయన దాచలే. ఖాళీ సర్టిఫికెట్ల కట్ట మీద ముందే సంతకాలు పెట్టి పోతడట. బోల్టులు పంపేటోళ్ళకు తొందరుంటే మిషన్ నడిపే ఆపరేటర్ పాత అంకెలే కొట్టి ఇస్తడట. ఆ తేదీ ఏసినోనికి అది ఏ పండుగో ఏం ఎరుక! ముల్లు ఏం జెప్తే అదే రాయాల్నట, ఛీ!

పొద్దుగూకక ముందే జోసఫ్ స్వయంగ వచ్చిండు. నేను కుర్చీ ఏసిన. సంచిలకెంచి ఇంకో సర్టిఫికెట్ తీసిండు. అంకెలు అవే, సంతకం అదే, తేదీ కాడ ఖాళీ.

"నీకు నచ్చిన తేదీ నువ్వే ఏసుకో, హన్నా."

కంచెనే చేను మేసుడంటే కండ్లార సూసిన.

"బోల్టులు గుంజి సూసినవా బావా?"

"మంచి సరుకే అమ్మా, ఇన్నేండ్లల ఒక్క కంప్లైంట్ రాలే. నువ్వు ఎర్ర స్టిక్కర్ ఏస్తే నా ఉద్యోగం పోతది. మల్ల మా ఇంట్లకు ఏ మొఖం పెట్టుకొని వస్తవ్?"

హన్నా కండ్లు తుడుసుకుంది. "ఆ హెలికాప్టర్ల నువ్వు ఎక్కుతవా?"

"మనమెందుకు ఎక్కుతమమ్మా దాంట్ల?" అని నవ్విండు. నవ్విండు, సూడున్రి!

హన్నా స్టిక్కర్ల కట్ట ముంగటికి గుంజుకుంది. డబ్బాకు ఎర్ర స్టిక్కర్ అంటించింది. కారణం కాడ "పరీక్ష జరగలేదు" అని రాసి, పక్కన బావ పేరు పూర్తిగ రాసింది. డబ్బా నేనే మోసి జాలీ గదిల పెట్టి తాళమేసిన.

ఆ బోల్టులల్ల ఆరింటిని వేరే ల్యాబుకు పంపినం. రెండు సగం బరువుకే తెగినయ్. జోసఫ్ ఉద్యోగం పోయింది. రోజీ చెల్లె బట్టలు మూట గట్టి వాకిట్ల పెట్టింది. నేనే ఆటోల ఏసుకొని దమ్మాయిగూడల హాస్టల్ల దింపొచ్చిన. తొవ్వ పొడుగూత హన్నా ఏడ్సింది.

సోమవారం మా మేనేజర్ శశిధర్ సారు స్టోర్సుల నిలబడి, ఆ బోల్టులు పంపినోళ్ళకే ఫోన్ జేసిండు. శభాష్, నాలుగు తిట్లు పెడతడు అనుకున్న నేను.

"కొత్త లాట్ జల్దీ పంపున్రి," అన్నడు. "జర క్యాలెండర్ సూసుకొని తేదీలు ఏయమనున్రి మీ ల్యాబోళ్ళను. మా దగ్గర ఒక పిల్ల ఉంది, అన్నీ పట్టుకుంటది."

హన్నా టేబుల్ కాడ్నే ఉన్నది, అంతా విన్నది. నా దిక్కు సూసింది. నాకు తలెత్తబుద్ధి కాలే. ఆ పిల్ల ఇల్లు పోగొట్టుకుంటే వీళ్ళు నేర్సుకున్నది క్యాలెండర్ సూసుడు. థూ!