మూత మీద తడి

బందరులో మా వాతావరణ ఆఫీసు మేడ మీద తెల్లటి పెట్టె ఒకటి ఉండేది. రేడియోమీటర్. గాలిలోని నీటి ఆవిరి తనంతట తానే సన్నగా మైక్రోవేవ్ తరంగాలను వెలువరిస్తూ ఉంటుంది. ఆ పెట్టె పైకి ఏమీ పంపదు. వచ్చినవాటిని పట్టుకుని ఆకాశంలో ఎంత నీరుందో చెబుతుంది, అంతే. పొద్దున్నే దాని మూత మీద మంచు పడితే మాత్రం లేని నీరు చూపిస్తుంది. రోజూ గుడ్డ పట్టుకుని మెట్లెక్కి తుడవడం నా పని. మహా విసుగొచ్చేది.

మాకు చేపలు తెచ్చే పిన్ని పొద్దున్నే ఫోన్ చేసి, "మీ బాబాయి ఏటకెల్లొచ్చా అమ్మాయ్?" అని అడిగేది. సముద్రం సంగతి ఆయనకు తెలియనిదా? అయినా నేను ఊఁ అంటేగాని పడవ కదలనిచ్చేది కాదు.

ఆ కార్తీకమాసం పొద్దున కంప్యూటర్‌లో ఆవిరి గీత పైకి లేస్తోంది. బయట చూస్తే మబ్బు తునక లేదు. ఏ హెచ్చరికా రాలేదు. "మళ్లీ మంచు పట్టి చచ్చింది" అని తిట్టుకుంటుండగా పిన్ని ఫోన్. "వెళ్లమను పిన్నీ. రోజూ ఇదేం గోల!" అని కసిరాను.

తీరిగ్గా కాఫీ తాగి పైకెళ్లాను. మూత తుడిస్తే గుడ్డ పొడిగా వచ్చింది. అరచేత్తో రాశాను. దుమ్మే అంటింది. తలెత్తి చూస్తే ఎండ, నీలం. గాలి ఆగిపోయింది. పిట్టగోడ మీద ఎప్పుడూ అరిచే కాకుల్లో ఒక్కటీ లేదు. కిందికొచ్చేసరికి గీత ఇంకా లేస్తూనే ఉంది. అంత నీరూ నా నెత్తి మీదే ఉంది, నాకు కనబడడం లేదు. అమ్మో!

వెంటనే ఫోన్ చేశాను. "ఎల్లిపోయాడే! నువ్వు సరేనన్నావని సెప్పగానే పడవెక్కాడు" అంది పిన్ని. ఆయన ఫోన్ కలవలేదు. మధ్యాహ్నానికి సముద్రం మీంచి గాలివాన నల్లగా వచ్చి కొట్టింది. నాలుగో రోజు పాలకాయతిప్ప దగ్గర పడవ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. బాబాయి రాలేదు.

పెద్దకర్మ అయ్యాక వెళ్లి, గీత సంగతంతా దాచకుండా పిన్నికి చెప్పాను.

"అయితే మిషను నిజవే సెప్పింది. మరి నువ్వెందుకు ఎల్లమన్నావమ్మా?"

తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

"మెట్లెక్కడానికి బద్ధకించాను పిన్నీ" అన్నాను.