నా గొప్పతనానికి రాజన్న సంతకం

ఒక గ్లాసు నీళ్ళలో పరువు మొత్తం ఎలా మునిగిపోతుందో చెబుతాను. మునగడానికి సముద్రమే కావాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నాకు పావు లీటరు సరిపోయింది. అదీ దోహాలో, ఏసీ గదిలో, సూటు వేసుకుని, నా చేత్తో నేనే పోసి ఇచ్చిన నీళ్ళు.

నాలుగేళ్ళ కిందటి మాట. నేనొక పరిశోధన సంస్థలో సైంటిస్టుని, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. సముద్రపు నీటిని పల్చటి పొరల గుండా తోసి మంచినీళ్ళు చేయడం మా పని. మా అత్తగారి తరఫువాళ్ళు మాత్రం ఎవరైనా అడిగితే, "అల్లుడు దుబాయ్‌లో మినరల్ వాటర్ ప్లాంటు" అంటారు. ఖతర్ అని చెప్పి చెప్పి నా నోరే నొప్పి పుట్టింది.

ఇక్కడ మా బతుకు రెండేళ్ళ కాంట్రాక్టు. చివరి ఆరు నెలలూ మా ఇంట్లో చీపురు కూడా కొత్తది కొనరు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే పిల్ల బడి పోతుంది. ఆ ఏడాది మా ప్రాజెక్టు మూసేస్తారని పుకారు. మా అమ్మాయి అప్పుడే పదో తరగతిలోకి వచ్చింది. మా ఆవిడ పద్మ ఒకటే మాట అంది. "ఉద్యోగం ఊడినా ఉండనిచ్చే దేశం ఒకటి చూడండి. ఈ అట్టపెట్టెలు సర్దడం నా వల్ల కాదు."

దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మా విల్లా పైవాటాలో మూర్తిగారు ఉండేవారు. అమెరికా శాశ్వత నివాసానికి పదిమంది చేత ఫైళ్ళు పంపించిన అనుభవజ్ఞుడు. తన ఫైలు మాత్రం ఇంతవరకూ పంపుకోలేదు, అది వేరే సంగతి.

"పరిశోధకులకి ఓ దారి ఉందండీ," అన్నారాయన. "అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ళ కేటగిరీ. పెద్దపెద్దవాళ్ళు మీ గురించి అరడజను లేఖలు ఇవ్వాలి. అందులో మీ డైరెక్టరుగారిది ముఖ్యం. అది లేకపోతే ఫైలు కదలదు."

"వాళ్ళకి నా గురించి రాసే తీరిక ఎక్కడుందండీ?"

"వాళ్ళెందుకు రాస్తారు? మనమే రాసిస్తాం, వాళ్ళు సంతకం పెడతారు. లోకమంతా అంతే."

చూశారా, పెళ్ళిచూపుల్లో కూడా స్వీటు అమ్మాయే చేసిందని వేరేవాళ్ళు చెబుతారు. ఇక్కడ ఆ పని కూడా మనదే. ఆ రాత్రే కూర్చుని డైరెక్టరుగారి తరఫున నా గురించి రాశాను. "ఈయన క్రమశిక్షణ గలవారు. అప్పగించిన పని చేస్తారు."

మూర్తిగారు చదివి కళ్ళజోడు తీశారు. "వాచ్‌మన్ ఉద్యోగానికైతే ఇది చాలండీ."

"మరి ఏం రాయమంటారు?"

"మీరు లేకపోతే ఆ ల్యాబు ఏమైపోతుంది?"

"ఏమవుతుంది, రాజన్న నడుపుతాడు."

"ఆ పేరు ఎక్కడా రాయకండి."

రాజన్న మా టెక్నీషియను. జగిత్యాల దగ్గర మనిషి, యాభై దాటాయి. పద్దెనిమిదేళ్ళ కిందట ప్లంబరుగా వచ్చాడు, ఊరి బయట బిర్కత్ అల్ అవామిర్‌లో కంపెనీ ఇచ్చిన గదిలో ఉంటాడు. ల్యాబులో ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే యంత్రాన్ని పొద్దున్నే లేపేదీ, సాయంత్రం పడుకోబెట్టేదీ అతనే. అది ఇచ్చిన అంకెలతో నేను పేపర్లు రాస్తాను. అంతవరకూ నాకెప్పుడూ అందులో చిన్నతనం అనిపించలేదు.

కానీ ఆత్మస్తుతి ఒకసారి మొదలుపెడితే చెయ్యి ఆగదండీ, జంతికల పళ్ళెం ముందు కూర్చున్నట్టే. మూడు రోజుల్లో రెండు వాక్యాలు నాలుగు పేజీలయ్యాయి. "నా ముప్ఫై ఏళ్ళ అనుభవంలో ఇటువంటి శాస్త్రవేత్తను చూడలేదు. ఈ యంత్రం ఆనుపానులు ప్రపంచంలో ఈయన ఒక్కరికే తెలుసు. ఎవరి సహాయమూ లేకుండా నడపగలరు. ఈయన లేకపోతే వారంలో మా ప్రయోగశాల మూతపడుతుంది." చివరికొచ్చేసరికి నాకే కళ్ళు చెమర్చాయి. ఇంత గొప్పవాణ్ణి ఇన్నాళ్ళూ కూరగాయలకి పంపిందే మా ఆవిడ అని కోపం కూడా వచ్చింది.

మా డైరెక్టరు డాక్టర్ హాతిమ్‌ది సూడాన్. నెమ్మదైన పెద్దమనిషి. దేశం వదిలిపోయే ప్రయత్నంలో ఉన్నానని చెప్పే ధైర్యం లేక, "అంతర్జాతీయ గుర్తింపు కోసం చిన్న లేఖ సార్," అన్నాను. సంతకం పెట్టి ఇచ్చేస్తారని పక్కనే నిలబడ్డాను. ఆయనేమో చదివి ఇస్తానని బల్ల మీద పెట్టుకున్నారు.

ఇక్కడ వారానికి మొదటి పనిదినమైన ఆదివారం పొద్దున్నే పిలిచారు.

"మూడుసార్లు చదివాను," అన్నారు. "నీ మీద నాకింత మంచి అభిప్రాయం ఉందని నాకే తెలియదు."

నేను సిగ్గుపడినట్టు నవ్వాను.

"మంచి సమయంలో తెచ్చావు. మన ప్రాజెక్టు ఉంచాలా తీసేయాలా తేల్చడానికి లుసైల్‌లోని హెడ్డాఫీసు నుంచి గురువారం నలుగురు వస్తున్నారు. ఈ లేఖ వాళ్ళకి పంపించాను. యంత్రం నువ్వే నడిపి చూపించు. ఎవరి సహాయం అక్కర్లేదని ఉంది కాబట్టి రాజన్నకి ఆ రోజు సెలవిచ్చేశాను. పాపం, ఎప్పటినుంచో అడుగుతున్నాడు."

అప్పుడే నిజం చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, నేనూ కాస్త మనిషిగా మిగిలేవాణ్ణి. కానీ ఆ నాలుగు పేజీలు రాసింది నేనే కదా, వాటిని అందరికంటే గట్టిగా నమ్మిందీ నేనే.

బుధవారం సాయంత్రం రాజన్న అడిగాడు. "సార్, రేపు నన్ను రమ్మంటరా? సెలవున్నా వస్త. డ్యూటీ రాయకున్నా మంచిదే."

"అక్కర్లేదు రాజన్నా. దాని మీద పదకొండు పేపర్లు రాశాను, మోటారు వేయలేనా?"

"గట్లనే సార్," అన్నాడు. ఏదో చెప్పబోయి, నా ముఖం చూసి వెళ్ళిపోయాడు.

గురువారం నలుగురూ వచ్చారు. అందులో తోబు అనే తెల్లటి పొడవాటి అరబ్బు అంగీ వేసుకున్న పెద్దాయన అందరికీ నాయకుడు. మీట నొక్కాను. యంత్రం గురగురమంది, నీళ్ళు వచ్చాయి. నేను పొంగిపోయాను. అద్దంలా మెరిసే గ్లాసులో నీళ్ళు పట్టి, రెండు చేతులతో ఆయనకి అందించాను. ఆయన బిస్మిల్లా అని పెద్ద గుక్క తాగారు.

ఆ ముఖం నాకిప్పటికీ కళ్ళకి కడుతుంది. ముందు కనుబొమలు పైకి వెళ్ళాయి, తర్వాత బుగ్గలు లోపలికి వెళ్ళాయి. మర్యాదస్తుడు కాబట్టి ఉమ్మేయలేదు. మింగి, గ్లాసు నెమ్మదిగా బల్ల మీద పెట్టి, "సముద్రం గుర్తొచ్చింది," అన్నారు.

డైరెక్టరు నా వైపు చూశారు. నేను యంత్రం వైపు చూశాను. దానికి పదమూడు వాల్వులున్నాయని ఆ రోజే లెక్కపెట్టాను. ఒక ఎర్రదాని మీద చెయ్యి వేశాను. యంత్రం కీచుమంది. ఇక వేరే దారి లేక ఫోను తీసి, అందరి ముందూ స్పీకరు పెట్టి రాజన్నకి చేశాను.

"సార్, ఎర్ర వాల్వు మీద చెయ్యి తియ్యుండ్రి ముందు," అన్నాడు. నేనింకా ఏమీ చెప్పలేదు. కీచుమనడం వినే చెప్పాడు.

తీశాను.

"ఫోను మోటరు కాడ పెట్టుండ్రి, సప్పుడు విననియ్యుండ్రి." పెట్టాను. "మోటరు మంచిగనే ఉన్నది. నీళ్ళెట్లున్నయి?"

"ఉప్పగా ఉన్నాయి రాజన్నా."

"రాత్రంత ఆగి ఉంటది గద సార్. మొదటి పావుగంట నీళ్ళు గట్లనే వస్తయి, పారవొయ్యాలె. తాగద్దు." అంతలోనే అనుమానం వచ్చింది. "ఎవలన్న తాగిన్రా సార్?"

గదిలో ఎవరికీ తెలుగు రాదు. అయినా అందరికీ అర్థమైంది.

"తాగారు."

"పెద్దోళ్ళా?"

"అందరికంటే."

"అయితే పావుగంట ముచ్చట పెట్టుండ్రి సార్. మల్ల ఇయ్యుండ్రి."

పావుగంట ముచ్చట పెట్టాను. ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. తర్వాత రాజన్న చెప్పిన పచ్చ వాల్వు తిప్పి, పట్టిన నీళ్ళు ముందు నేను తాగి, ఆపైన ఆయనకి ఇచ్చాను. ఆయన గ్లాసు ఖాళీ చేసి డైరెక్టరుని ఇంగ్లీషులో అడిగారు. "ఫోనులో మాట్లాడింది ఎవరు?"

ప్రాజెక్టు మూయలేదు. తర్వాతి ఆదివారం డైరెక్టరు పిలిచి నా నాలుగు పేజీలు ముందు పెట్టారు. "చాలా బాగా రాశావు. ఇందులో ప్రతి అక్షరం నిజం. పేరు ఒక్కటే తప్పు," అని పెన్నుతో నా పేరు కొట్టేసి రాజన్న పేరు రాసి, కింద సంతకం పెట్టారు. ఆ కాగితంతో రాజన్న సూపర్‌వైజరయ్యాడు. పద్దెనిమిదేళ్ళ తర్వాత భార్యని తెచ్చుకునే వీసాకి అర్హుడయ్యాడు. నాకు తల కొట్టేసినట్టయింది, సంతోషమూ వేసింది. రెండూ ఒకేసారి వస్తే ముఖం ఎలా పెట్టాలో ఇప్పటికీ తెలియదు.

"మరి నా లేఖ సార్?" అన్నాను, సిగ్గు విడిచి. అమెరికా సంగతి కూడా చెప్పేశాను.

"యంత్రం గురించి నీకెంత తెలుసో రాజన్న చెప్పాలి. అతను సంతకం పెడితే కింద నేనూ పెడతాను."

రాజన్న దగ్గరికి వెళ్ళాను. తల గోక్కున్నాడు. "నాకు రాసుడు రాదు సార్. మీరే రాసుకొని తెండ్రి, సంతకం పెడ్త."

ఈసారి అరపేజీ రాశాను, అన్నీ నిజాలు. చదివి వినిపిస్తే రాజన్న ఊరుకోలేదు. "మరీ గింత తక్కువనా సార్? ఇంకొక ముక్క కలుపుండ్రి. తెల్వంది తెల్వదని అంత మంది ముంగట ఫోన్ చేసి అడిగిండు, గసొంటి సార్‌ను నేను సూడలే అని." ఆ ముక్క రాస్తుంటే నిజంగానే కళ్ళు చెమర్చాయి, ఈసారి నా గొప్ప తలుచుకుని కాదు.

ఎనిమిది నెలలకి జవాబు వచ్చింది. అసాధారణ ప్రతిభ రుజువు కాలేదట. ఒక పెద్ద ప్రభుత్వం ముద్ర వేసి మరీ నన్ను మామూలు మనిషని ధ్రువీకరించింది. పద్మ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చదివింది. "ఇది తెలుసుకోడానికి వాళ్ళకి ఫీజు కట్టారా? నన్నడిగితే ఊరికే చెప్పేదాన్ని కదా," అంది. కాంట్రాక్టు అప్పటికే మరో రెండేళ్ళు పొడిగించారు, అమ్మాయి బడీ మారలేదు. కాబట్టి నేనూ నవ్వేశాను.

అందుచేత చదువరులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా గొప్పని ఇంకొకరి పేరుతో ఈ జన్మలో మళ్ళీ రాయను. ఎవరైనా తమంతట తాము రాస్తామంటే మాత్రం కాదనను. సంతకం పెట్టే ముందు ఒకసారి నాకు చూపించమంటాను, మరీ తక్కువగా ఉంటే సరిదిద్దడానికి.