అచ్చులోకెక్కిన కోడిపెట్ట కథ

ఎమ్మిగనూరులో మేముండేది మగ్గాల వీధి. బడిలో తెలుగు చెబుతాను. ఆదివారం సాయంత్రాలు మా అరుగు మీద చాప పరిచి పిల్లల కథల పుస్తకాలు పెట్టేదాన్ని. పిల్లలు వచ్చేవాళ్ళు, బొమ్మలు చూసేవాళ్ళు. చదవమంటే మాత్రం రెండు వాక్యాలకే ఆగిపోయేవాళ్ళు. అక్షరాలు రాక కాదు. ఆ పుస్తకాల్లో మాట్లాడుకునేవాళ్ళు వాళ్ళకు తెలిసిన మనుషుల్లా లేరు.

పక్కింటి అక్క తన గడపలో కూర్చుని కండెలకు నూలు చుడుతూ ఇదంతా చూస్తుండేది. ఒకరోజు పిల్లలు ఆవలిస్తుంటే, రాట్నం ఆపకుండానే కథ ఎత్తుకుంది. ఉరుకుంద తిరనాళ్ళకు బస్సెక్కిన కోడిపెట్ట కథ.

“‘యాడికి పోతాండావే?’ అన్యాడు కండక్టరు. ‘ఉరుకుందకప్పా’ అనింది కోడి. ‘టికెట్టు యాడ?’ ‘ఈకల సందున పెట్టినా, ఎతుక్కో సామీ!’”

కండక్టరు ఈకల్లో వెతికితే కోడికి కితకితలు పుట్టి అతని సంచిలో గుడ్డు పెట్టేసిందట. “ఇదోప్పా టికెట్టు. సిల్లర నువ్వే ఉంచుకో!” పిల్లలు చాప మీద పడి దొర్లారు.

ఆ తర్వాత ఆదివారాలన్నీ ఆమెవే. దారిన పోయే మగవాళ్ళు కూడా సైకిలు ఆపి, విని, నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు. నాకు ఆశ పుట్టింది. ఆ కథను ఆమె అన్నది అన్నట్లే రాశాను. పిల్లలు బొమ్మలు గీశారు. ఆదోనిలో ఒక ప్రెస్సులో అచ్చు వేయించాను.

పుస్తకం వచ్చిన రోజు, ఎప్పుడూ గొంతెత్తని ఒక పాప దాన్ని మొదటి నుంచి చివరి దాకా గట్టిగా చదివింది. అక్కకు చదువు రాదు. రాట్నం ఆపి వింది. “నేనన్నట్లే ఉండాదే!” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వారం తిరక్కముందే ఆ పాప నాన్న పుస్తకం పట్టుకుని వచ్చాడు. మగ్గం మానేసి ఆదోని పత్తి మండీలో పనిచేస్తున్న మనిషి.

“తప్పుగా అనుకోవద్దు టీచరమ్మా. ఈ మాటలు పోవాలనే కదా పిల్లను ఇస్కూలుకు పంపిస్తాండేది?”

“మన మాటలే కదన్నా,” అన్నాను.

“మనవే. నేను పనికని హైదరాబాదు పోయినప్పుడు ‘యాడ’ అన్యానని అంగట్లో అందరూ నగినారు. ఆడుండినన్నాళ్ళూ నన్ను ఆ మాటతోనే పిలిసినారు. నా బిడ్డకు అది వద్దు.”

అతని గొంతులో కోపం ఉంటే వాదించేదాన్ని. లేదు. పుస్తకం అరుగు మీద మెల్లగా పెట్టి వెళ్ళిపోయాడు. మిగతా ఇళ్ళవాళ్ళూ అదే మాట అన్నారు. చాప మీద పిల్లలు పలచబడ్డారు. కథ అక్క నోట ఉన్నన్నాళ్ళు నిలబడి నవ్విన మనుషులే వీళ్ళు. అచ్చులో చూసేసరికి సిగ్గుపడ్డారు.

అక్క చెవినా పడింది. మిగిలిన పిల్లలు కథ అడిగితే తలుపు దగ్గరగా వేసుకుంది. నేను లోపలికెళ్ళి బతిమాలాను.

“నా మాటలు నేర్సుకుంటే పిల్లోళ్ళు సెడిపోతారంట గదమ్మా. నీ తప్పేం లేదులే. ఊరికే సెప్పుకుంటాంటిమి, బాగుండె. బుక్కులోకెక్కినాక అందరి కంట్లో పడె.”

ఆ పాప ఇప్పుడు ఆదోనిలో ఇంగ్లీషు మీడియం చదువుతోంది. మొన్న అక్కడి బస్టాండులో కనిపించి నమస్కారం పెట్టింది. “ఎక్కడికి వెళ్తున్నారు మేడమ్?” అంది. తీరైన తెలుగు. తండ్రి కోరుకున్నది అదే. ఆ పిల్లను చూసి ఇంకెవరూ నవ్వరు. కథలేమైనా చదువుతున్నావా అంటే, “టైముండదు మేడమ్” అని బస్సు వైపు చూసింది.

అక్క ఇంకా మా పక్కింట్లోనే ఉంది. ఆమె చెప్పినవాటిలో నేను రాసుకున్నది ఆ ఒక్క కథే. మిగతావి ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను. ఇప్పుడు అడిగితే, “మర్సిపోయినా టీచరమ్మా” అంటుంది. నిజంగా మర్చిపోయిందో, చెప్పడం ఇష్టం లేదో, నాకు తెలియదు.