మొప్ప ఎత్తి చూడాలి

పాలకొల్లు చేపల బజార్లో వీరవేణిని మోసం చేసినవాడు ఇంతవరకూ లేడు. మొప్ప ఎత్తి చూడందే ఏ చేపా ఆమె గంపలోకి ఎక్కదు. మొప్ప లోపల ఎర్రగా ఉందా, సరే. కాస్త నల్లబడిందా, తెచ్చినవాడు సొంత తమ్ముడైనా వెనక్కి పట్టుకుపోవలసిందే. కొనేవాళ్ళకీ అదే నేర్పుతుంది. "నా మొహం చూసి కొనకండమ్మా, మొప్పెత్తి చూసి కొనండి" అంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె చేపకు వంక పెట్టినవాళ్ళు లేరు, ఆమె నోటికి ఎదురు నిలిచినవాళ్ళూ లేరు.

అంత గడుసు మనిషి సొంత మొగుడి విషయంలో మొప్ప ఎత్తడం మర్చిపోయింది.

మొగుడి పేరు పల్లంరాజు. నరసాపురం దిగువన, గోదావరి సముద్రంలో కలిసే చోట అతని వేట. కిందటేడు వరద రోజుల్లో సుడిలో చిక్కి నావ తిరగబడింది. అందులో ఉన్నది ఇద్దరు. పల్లంరాజు ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. చిన్నప్పటి నుంచీ అతనితో కలిసి వల లాగిన బుల్లియ్య రాలేదు.

ఆ తరవాత పల్లంరాజు నావ ఎక్కలేదు. రేవు దాకా వెళ్ళేవాడు, మోకాలి లోతు నీళ్ళలో దిగేవాడు, ఒళ్ళంతా చెమటలు పట్టి వెనక్కి వచ్చేసేవాడు. నిద్ర పోయింది. మాట తగ్గింది. చేప ముక్క లేనిదే ముద్ద దిగని మనిషి చేప కూర వంక చూడడమే మానేశాడు. "పల్లంరాజుకి నీళ్ళంటే భయమంటరా" అని రేవులో ఎవడో నవ్వితే, వీరవేణి గంప కింద పెట్టి వాడి ఏడు తరాలనూ వరసగా పలకరించి వచ్చింది. గంగమ్మకు కోడిని మొక్కింది, మొక్కు తీర్చింది. గంగమ్మ ఏమీ అనలేదు, పల్లంరాజూ ఏమీ అనలేదు.

ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని అతనే అన్నాడు: "బుల్లియ్య బదులు నేను పోయుంటే సరిపోయేదే."

మొగుడు కళ్ళెదుటే ఉండి చెయ్యి జారిపోతున్నాడని వీరవేణికి ఆ క్షణాన తెలిసింది. పరుగున పోయి ఆశా వర్కరు రెబెక్కాతో చెప్పింది. "ఈ మాట నాకు చెప్పి మంచి పని చేశావక్కా" అంది రెబెక్కా. "బావగార్ని ఒంటరిగా వదలకు. ఇది మనసుకు తగిలిన దెబ్బ. దీనికి చదువుకున్నవాళ్ళు ఉన్నారు. రెండు రోజుల్లో కనుక్కుని చెప్తాను."

రెండు రోజులు ఆగితే ఆమె వీరవేణి ఎందుకవుతుంది? మర్నాడే బజార్లో ఒక మేడ మీద బోర్డు కనబడింది. ఎలాంటి భయమైనా మూడు రోజుల్లో మాయం అని ఉంది. ఎవరతను, ఏం చదివాడు, ఒక్క ముక్క అడగలేదు. కోటు వేసుకున్నాడు, గోడ నిండా దండలు వేయించుకున్న ఫొటోలున్నాయి, చాలదూ! "మావా, వల నూలు కొనాలి, రా" అని అబద్ధమాడి పల్లంరాజును మెట్లెక్కించింది.

కోటాయన అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూయించి, "నువ్వు నీళ్ళలో ఉన్నావ్! మునిగిపోతున్నావ్! భయపడకు!" అని గట్టిగా అరిచాడు. పల్లంరాజు వణికిపోతూ లేచి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. బస్సులో ఊరు వచ్చేదాకా నోరు విప్పలేదు. దిగే ముందు మాత్రం, "నూలన్నావు గదే" అన్నాడు. తరవాత వారం రోజులు ఆమెతో ఆ మాటా లేదు.

సంగతి విని రెబెక్కా నెత్తి కొట్టుకుంది. "చేపకైతే మొప్పెత్తి చూస్తావు. బావగార్ని అప్పజెప్పే మనిషికి ఎత్తి చూడవా అక్కా?"

ఆ మాట వీరవేణికి సూటిగా తగిలింది. రెబెక్కా చెప్పిన చిరునామా పట్టుకుని ఈసారి మొగుడికి చెప్పే, ఒక్కతే రాజమండ్రి వెళ్ళింది. అంతసేపూ పల్లంరాజు పక్కన రెబెక్కా కూర్చుంది. అక్కడ సత్యవాణి అనే క్లినికల్ సైకాలజిస్టు. యాభై దాటిన మనిషి, నేత చీర, బల్ల మీద నీళ్ళ సీసా, గోడకు సర్టిఫికెట్టు. వీరవేణి కూర్చుని జరిగిందంతా చెప్పి, ఆ వెంటనే బేరం మొదలెట్టినట్టే మొదలెట్టింది.

"ఏం చదివారండి? లైసెన్సు ఉందాండి?"

సత్యవాణి నవ్వి రిజిస్ట్రేషను నంబరు చూపించింది. "అడిగారు, చాలా సంతోషం. ఇక్కడికొచ్చేవాళ్ళలో ఎక్కువమంది అడగరు."

"మా ఆయనలాంటివాళ్ళని ఇదివరకు చూశారాండి? నీళ్ళలో పడి బయటపడినవాళ్ళని?"

"చూశానండి. ప్రమాదాల్లో పక్కవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను."

"మందులు మీరే రాస్తారాండి?"

"రాయనండి. మందులు రాసేది సైకియాట్రిస్టుగారు. నిద్ర బొత్తిగా లేదంటున్నారు, పోయుంటే బాగుండేదన్నారంటున్నారు కాబట్టి ఆయన్ని కూడా ఈ వారమే కలవాలి. ఇద్దరం మాట్లాడుకుని చేస్తాం."

"ఎన్నాళ్ళకి నయమవుద్దండి?"

"ఇప్పుడే చెప్పలేనండి. కొన్ని వారాలు చూశాక ఎంత మార్పు వచ్చిందో మీరిద్దరూ నేనూ కూర్చుని మాట్లాడుకుందాం. మూడు రోజులని చెప్పేవాళ్ళ జోలికి మాత్రం వెళ్ళకండి."

వీరవేణి తల దించుకుంది. ఆపైన అసలు ప్రశ్న అడిగింది. "లోపల ఏం చెప్పాడో నాతో చెప్తారు కదండి?"

"చెప్పనండి."

"అదేంటండి! నేను పెళ్ళాన్నండి!"

"భార్య కాబట్టే మీకు ముందే చెప్తున్నాను. ఆయన మాట ఆయనదే. ప్రాణం మీదికొచ్చేటట్టుంటే మాత్రం మీకు చెప్తాను, అలా చెప్తానని ఆయనకీ మొదటి రోజే చెప్తాను. ఇంకోటి. మొదట్లో బాధ పైకి తేలి ఎక్కువైనట్టు కనిపించొచ్చు. మీకు భయమేస్తే నాకు ఫోన్ చెయ్యండి, మధ్యలో మాన్పించెయ్యకండి. నేనాయనకి నప్పకపోతే ఆ మాటా చెప్పండి, ఇంకొకరి దగ్గరికి నేనే పంపిస్తాను."

వీరవేణి ఆమె కళ్ళలోకి కాసేపు చూసింది. మొప్ప ఎర్రగానే ఉంది అనుకుంది. "మరి మా ఆయన్ని ఎలా తీసుకురమ్మంటారండి?"

"నిజం చెప్పి."

చెప్పింది. ఇంటికి రాగానే, కొంగు నడుముకు దోపుకుని, మొగుడికి ఎదురుగా నిలబడి చెప్పింది. "మావా, ఆ రోజు నీతో అబద్ధమాడాను. తప్పు నాదే. ఈవిడ దగ్గర అన్నీ అడిగొచ్చాను. రావాలంటే రా, వద్దంటే మాన్తాను. కానీ నువ్వు నాకు కావాలి." ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ చివరి మాట అనడం ఆమెకదే మొదలు. పొద్దున ఆమె గంప కడిగి వచ్చేసరికి, ఉతికిన చొక్కా తొడుక్కుని బస్సు టైమెంతని అడిగాడు.

ఆ ఏడాది వీరవేణి అన్నిటికన్నా కష్టపడింది బయట బెంచీ మీద కూర్చోవడానికే. తలుపవతల మొగుడు, ఇవతల తను, మధ్యలో ఒక్క మాటా వినబడదు. మూడోసారి ఐసులో పెట్టి మంచి పండుగొప్పను తెచ్చి మేడంగారి ముందు పెట్టింది. పైకి అభిమానం, లోపల ఆశ. సత్యవాణి చేప వంక చూసి, ఆమె వంక చూసి, "పట్టుకెళ్ళి వండుకోండి. అయినా చెప్పను" అంది. బుట్టతో సహా తిరిగొచ్చింది వీరవేణి.

మేడంగారు అన్నట్టే అయ్యింది. నాలుగో వారం పల్లంరాజు ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి చిన్న పిల్లాడిలా ఏడ్చాడు. "ఉన్నది కాస్తా పోగొడుతున్నారు, మాన్పించెయ్" అని వీధి వీధంతా సలహా ఇచ్చింది. వీరవేణి ఫోన్ చేసి మేడంగారితో మాట్లాడి, వీధిలోకి వచ్చి, "మా ఇంటి వైద్యం మేం చూసుకుంటాం, మీ వలలు మీరు చూసుకోండి" అని తలుపేసుకుంది. మందులు వేళకిచ్చింది. ఏం మాట్లాడావని ఒక్కసారీ అడగలేదు. నాలుక కరుచుకుని మరీ ఊరుకుంది.

పల్లంరాజు నిద్రపోవడం మొదలెట్టాడు. ఒక వారం మోకాలి లోతులో నిలబడ్డాడు. ఇంకో రెండు వారాలకు నడుం లోతు. తరవాత గుంజకు కట్టిన నావలో కూర్చుని వల కుట్టుకున్నాడు. మధ్యలో పది రోజులు ఒడ్డు దిగనే లేదు. మళ్ళీ దిగాడు.

ఈ ఏడు వరద తీసి, నీళ్ళు తేటపడ్డ ఒక పొద్దున, "ఇవాళ నావ తీస్తాను" అన్నాడు. వీరవేణి బజారు మానేసి రేవులో నిలబడింది. వీరవేణి తమ్ముడు తోడెక్కాడు. నావ మలుపు దాటి కనబడకుండా పోయింది. ఎండెక్కింది. అప్పట్లో రేవులో నవ్విన మనిషి కూడా వచ్చి పక్కనే నిలబడ్డాడు, ఈసారి నవ్వలేదు. బాగా పొద్దెక్కాక మలుపులో నావ కనబడింది, ముందు నిలబడి తెడ్డు వేస్తున్నది పల్లంరాజే. రేవంతా కేక పెట్టింది. వీరవేణి అందరికన్నా గట్టిగా పెట్టింది.

అతను రెండు పండుగొప్పలు గంపలో వేశాడు. ఆమె చెయ్యి దానంతటదే మొప్ప ఎత్తింది.

"నా చేపకి కూడానా?" అన్నాడు పల్లంరాజు. ఏడాది తరవాత నవ్వాడు.

తరవాత రెండో చేప చేతిలోకి తీసుకున్నాడు. "ఇది బుల్లియ్య వాటా. వాడి పెళ్ళాం బేబీకి ఇవ్వాలి. నువ్వూ రా." నడుస్తూ నడుస్తూ, ఆమె అడగకుండానే చెప్పాడు. "ఆ రోజు వాడి చెయ్యి నా చేతిలోంచే జారిపోయింది. ఆ గదిలో మొదట చెప్పింది అదే. ఇప్పుడు బేబీకి చెప్పాలి."

బెంచీ మీద నెలల తరబడి ఆమె ఎదురుచూసిన మాట అది. వీరవేణి అతని చెయ్యి పట్టుకుంది.

బుల్లియ్య భార్య గడపలో నిలబడి అంతా విన్నది. కొంగుతో కళ్ళొత్తుకుని చేప అందుకుని, అలవాటు కొద్దీ మొప్ప ఎత్తి చూసింది.

"లోపలికి రా అన్నయ్యా" అంది. "పులుసు పెడతాను, ఇద్దరూ తినెళ్ళండి."

పల్లంరాజు పీట మీద కూర్చుని చేప ముక్క కలుపుకుని తిన్నాడు. రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు.